మా సార్‌కి నేను కుట్టించిన ఓడ బట్టలు

నడిసముద్రంలో, ఏసీ ఓడలో, వందలమంది పెద్దమనుషులు భోజనానికి కూర్చోబోతున్న వేళ ఒక ప్రొఫెసర్ గారి పరువు తీసి, ఆ ఓడనంతా అల్లకల్లోలం చేసిన ఘనుణ్ణి నేను. ఆ సమయానికి నేనెక్కడున్నానో తెలుసా? తార్నాకలో చాయ్ తాగుతున్నాను. సముద్రం ఎలా ఉంటుందో కూడా అప్పటికి నేనెరగను. మధ్యలో "అయ్యో, నిజంగానా?" అని మాత్రం అడక్కండి. నిజంగానే. నాకే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

అప్పట్లో నేను యూనివర్సిటీలో సోషియాలజీ రీసెర్చ్ స్కాలర్‌ని. ఐదేళ్ళు కష్టపడి థీసిస్ రాశాను. 'నగరంలో ఉద్యోగినుల సాయంత్రపు మెట్రో ప్రయాణం' దాని పేరు. టైపింగ్ అయింది, బైండింగ్ అయింది, అట్ట మీద నా పేరు బంగారు అక్షరాల్లో పడింది. మిగిలింది ఒకే ఒక్కటి, మా గైడ్ భూపతి సార్ సంతకం. దాఖలు చేయడానికి ఆ నెలాఖరే గడువు. అప్పటికే రెండుసార్లు పొడిగించారు. ఈసారి దాటితే రిజిస్ట్రేషన్ రద్దు, ఐదేళ్ళూ గంగలో కలిసినట్టే. అక్కడ మా అమ్మేమో తొందరపడి ఊళ్ళో నన్ను డాక్టర్ అని ప్రకటించేసింది. ఇద్దరు ముసలమ్మలు మోకాళ్ళ నొప్పులకు మందు రాసిమ్మని ఫోన్ కూడా చేశారు.

భూపతి సార్ గురించి చెప్పాలి. రెండు జేబుల బుష్ షర్టు, తోలు చెప్పులు. ఎండాకాలమైనా, కాన్వొకేషనైనా, కూతురి పెళ్ళైనా అవే. ఎవరైనా విద్యార్థి పుస్తకాలు చూసి ఏదైనా రాసుకొస్తే ఆయనకు ఒళ్ళు మండిపోయేది. "ఎవరో రాసింది నాకెందుకయ్యా? ప్రైమరీ డేటా కావాలె. ఫీల్డుకు పో, మనుషుల్ని అడుగు!" అని కారిడార్ చివరిదాకా వినబడేలా అరిచేవారు. ఐదేళ్ళలో ఆయన నాతో అన్న మాటల్లో సగం 'ఫీల్డుకు పో' అన్నదే.

అలాంటి సార్ ఒకరోజు పొద్దున్నే పిలిచి, తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించారు.

"నరేందర్, వచ్చే శుక్రవారం ఓడ ఎక్కుతున్న."

"ఓడా సార్?"

"మా బిడ్డ బుక్ చేసింది. మా పెండ్లిరోజు అని. ముంబై నుంచి గోవా, మూడు రోజులు. మేడం గూడ వస్తది. గని ఒక చిక్కున్నది. సాయంత్రం డైనింగ్ హాల్లకు ఈ బుష్ షర్టు మీద రానియ్యరంట. మగోళ్ళు ఏం ఏసుకోవాల్నో చూడు. జర మంచిగ చూడు. వచ్చినంక నీ సంతకం పని చేద్దాం."

మీరెప్పుడైనా రీసెర్చ్ స్కాలర్‌గా ఉన్నారా? లేకపోతే ఒక సంగతి తెలుసుకోండి. గైడ్ అడిగినప్పుడు 'తెలియదు సార్' అన్న మాట స్కాలర్ నోట రాకూడదు. గ్యాస్ సిలిండర్ ఎప్పుడొస్తుందన్నా, మేడం గారి కళ్ళజోడు కాలు ఎక్కడ అతికిస్తారన్నా, అమావాస్య ఎప్పుడన్నా 'చూసుకుంటా సార్' అనాలి. నేను అదే అన్నాను.

సార్ వాళ్ళమ్మాయి పంపిన ఓడ కంపెనీ వాళ్ళ కాగితం సార్ నాకు పంపారు. అందులో బట్టల గురించి అరపేజీ ఉంది. ఒక సాయంత్రం ముదురురంగు సూటు వేసుకోండి, మిగతా రెండు సాయంత్రాలు కాలరున్న పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు, బూట్లు చాలు, నిక్కర్లూ బుష్ షర్టులూ చెప్పులూ వద్దు. అంతే. ఐదో తరగతి పిల్లాడు చదివినా పని అయిపోయేది. నేనూ చదివాను. చదివి, ఛీ అనుకున్నాను. ఇది ఎవరో రాసింది కదా! దీన్ని పట్టుకెళ్ళి ఇస్తే సార్ నా మొహాన కొట్టరూ? సంతకం ముందు పెట్టుకుని ఇంత నాసిరకం పని చేస్తానా నేను?

ఆ సాయంత్రమే కూర్చుని ప్రశ్నావళి తయారు చేశాను. మూడు పేజీలు, పద్నాలుగు ప్రశ్నలు. మొదటి ప్రశ్న 'పెద్ద ఓడలో సాయంత్రం పూట మగవారు ఏ దుస్తులు ధరించాలని మీ అభిప్రాయం?' అన్నది. మొదటి మనిషిగా హాస్టల్లో నా రూమ్మేట్ యాదగిరిని పట్టుకున్నాను.

"ఏ ఓడ మామా?" అన్నాడు వాడు, పడుకున్నవాడు లేవకుండానే.

"పెద్దది. ఏసీది."

"అయితే తెల్ల డ్రెస్సు. తెల్ల కోటు, తెల్ల ప్యాంటు, భుజాల మీద బంగారు పట్టీలు, నెత్తి మీద టోపీ."

"నువ్వు చూసినవా?"

"సినిమాలల్ల చూస్తలేమా? ఓడ అనంగనే తెల్ల డ్రెస్సు ఆయన రెయిలింగ్ పట్టుకొని నిలబడి ఉంటడు గద."

రాసుకున్నాను. రెండు రోజుల్లో అరవై మందిని అడిగాను. హాస్టల్ మెస్‌లో, హబ్సిగూడ టిఫిన్ సెంటర్ దగ్గర, లైబ్రరీ మెట్ల మీద, తార్నాక చౌరస్తాలో. అందరూ మగవాళ్ళే, అందరూ నాకు తెలిసినవాళ్ళే, ఎవరూ విసుక్కోలేదు. టిఫిన్ సెంటర్ ఆయన దోసె తిప్పుతూ "లుంగీ కడితే మంచిది సార్, గాలి ఆడ్తది" అన్నాడు. లైబ్రరీ గుమస్తా చాలాసేపు ఆలోచించి "లైఫ్ జాకెట్ ఏసుకుంటే సేఫ్" అన్నాడు. ఇలాంటి నలుగురైదుగురు తప్ప అందరూ ఒకే మాట చెప్పారు. తెల్ల డ్రెస్సు, బంగారు పట్టీలు, టోపీ.

కంప్యూటర్లో లెక్కగట్టి, రంగుల పటం గీసి సార్ ముందు పెట్టాను. సార్ కళ్ళజోడు సర్దుకుని చూశారు. ఐదేళ్ళలో మొదటిసారి ఆయన మొహంలో నా మీద ఇష్టం కనిపించింది.

"ఎంతమందిని అడిగినవ్?"

"అరవై మందిని సార్."

"శభాష్! ఇదయ్యా పని అంటే."

ఎవరిని అడిగావని మాత్రం ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆ ఒక్క ప్రశ్న అప్పుడే పడి ఉంటే నాకు ఈ కథ చెప్పే యోగం ఉండేది కాదు.

తార్నాకలో ఖలీల్ భాయ్ అనే టైలర్ ఉండేవాడు. పెళ్ళిళ్ళలో బ్యాండు వాయించేవాళ్ళకూ, స్కూలు వార్షికోత్సవాలకూ బట్టలు కుట్టడంలో ఆయన్ని మించినవాడు లేడు. సార్‌ని అక్కడికే తీసుకెళ్ళాను.

"ఫికర్ జెయ్యకుండ్రి సాబ్. పట్టీలు, గుండీలు అన్ని నా తాన రెడీ ఉన్నయ్" అన్నాడు ఖలీల్ భాయ్, టేపు మెళ్ళో వేసుకుంటూ.

"భుజానికి ఎన్ని పట్టీలు పెట్టాలె?" అన్నాను నేను.

"మామూలు ఆద్మీకైతే రెండు. ప్రొఫెసర్ సాబ్ గద, ఆరు పెడ్త."

మూడు సాయంత్రాలు కదా, మూడు జతలు కుట్టించాం. అన్నీ అవే. ట్రయల్ రోజున సరోజ మేడం కూడా వచ్చారు. సార్ అద్దం ముందు నిలబడి టోపీ పెట్టుకున్నారు. గుండీలు ధగధగా మెరిశాయి. దుకాణంలో ఉన్న ఇద్దరు పక్కకి తప్పుకుని దారిచ్చారు.

మేడం చెంప మీద చెయ్యి పెట్టుకున్నారు. "ఇదేందండీ! బరాత్ ముందర బ్యాండు కొట్టెటోళ్ళ లెక్క కనబడ్తున్నరు!"

సార్‌కి కూడా ఎక్కడో కొట్టినట్టుంది. "నరేందర్, జర ఎక్కువైతలేదా?" అన్నారు నెమ్మదిగా.

"డేటా అట్లనే చెప్తున్నది సార్."

అంతే. ముప్పై ఐదేళ్ళుగా క్లాసుల్లో డేటా డేటా అని చెప్పిన మనిషి, ఆ డేటానే వచ్చి మీద పడితే ఏమంటారు? టోపీ సరిచేసుకుని, "సరోజా, నీకు మెథడాలజీ తెల్వదు" అన్నారు.

"మెథడాలజీ తెల్వదు గని నాకు బ్యాండు తెలుసు" అన్నారు మేడం.

శుక్రవారం సాయంత్రం ఏడింటికి తార్నాకలో చాయ్ తాగుతున్నాం, నేనూ యాదగిరీ. ఫోన్‌కి ఫోటో వచ్చింది. సార్ పంపించారు. పెద్ద మెట్ల మీద మహారాజులా నిలబడి ఉన్నారు. చుట్టూ ఎనిమిది మంది, సూట్లు, పట్టుచీరలు. ఒకాయన సార్ చెయ్యి పట్టుకుని ఊపుతున్నాడు. ఎవరో తమ పసిబిడ్డను సార్ రెండో చేతిలో పెట్టారు.

"చూసినవా, ఎంత మర్యాద!" అన్నాను యాదగిరితో. నా సంతకం నాకు కళ్ళ ముందు కనబడింది.

వాడు ఫోన్ లాక్కుని వేళ్ళతో ఫోటో పెద్దది చేశాడు. "మామా, మిగిలినోళ్ళు ఒక్కలు గూడ తెల్లయి ఏసుకోలేదేంది?"

ఫోన్ లాక్కుని చూశాను. మగవాళ్ళందరూ నల్ల సూట్లలోనో, నీలం సూట్లలోనో ఉన్నారు. ఒక్కరంటే ఒక్కరు తెల్ల కోటులో లేరు. కాదు, ఒకాయన ఉన్నాడు. దూరంగా, మెట్ల పైన, అచ్చం మా సార్ లాంటి బట్టల్లో. ఆయన కళ్ళు ఇంతింత చేసుకుని మా సార్ వీపు వైపే చూస్తున్నాడు.

ఫోన్ మోగింది. మేడం.

"నరేందర్! ఏం చేసినవ్ బిడ్డా?"

"ఏమైంది మేడం?"

"గీడ అందరు మీ సార్‌ను కెప్టెన్ అనుకుంటున్నరు! ఫోటోలు దిగుతున్నరు! ఒకాయన వచ్చి తన రూముల ఏసీ చల్లగ లేదని చెప్పిండు. మీ సార్ రూము నంబరు రాసుకున్నడు!"

"కాదని చెప్పుండ్రి మేడం!"

"నేను చెప్తనే ఉన్న. మీ సార్ చెప్పనిస్తడా? ఒకామె వచ్చి గోవా ఎన్నిగంటలకు వస్తదని అడిగింది. తెల్వదు అంటే అయిపోతుండె గద? రేపు తొమ్మిదిన్నరకు అన్నడు!"

"సార్‌కు తెలుసా మేడం?"

"ఆయనకేం తెలుసు, నా తలకాయ! ముప్పై ఐదేండ్ల సంది పాఠాలు చెప్పిండు. ఎవరన్న ప్రశ్న అడిగితే ఆయన నోరు ఊకుంటదా?"

యాదగిరి స్పీకర్ ఆన్ చేశాడు. చాయ్ దుకాణంలో పక్క బల్ల వాళ్ళు కూడా మా వైపు తిరిగారు.

"అయ్యో, ఇప్పుడు ఇంకొక ముసలామె వచ్చింది" అన్నారు మేడం. "ఓడ మునగదు గద బాబూ అని అడుగుతున్నది. పాపం, మొదటిసారి ఎక్కినట్టున్నది. మునగదమ్మా అంటే... అయ్యో దేవుడా! ఏమంటున్నడో వింటున్నవా?"

విన్నాను. ఫోన్లోంచి సార్ గొంతు, క్లాసులో వినిపించేంత స్పష్టంగా, హిందీలో వచ్చింది. మునగదని నూటికి నూరు పాళ్ళు ఎవ్వరూ చెప్పలేరట. సంభావ్యత అనేది ఎప్పుడూ ఉంటుందట. సున్నా అని చెప్పడం శాస్త్రీయం కాదట.

తర్వాత ఒక కేక. తర్వాత చాలా కేకలు. కుర్చీలు పడిన చప్పుడు, గ్లాసులు పగిలిన చప్పుడు, "కెప్టెన్ నే బోలా, కెప్టెన్ నే బోలా!" అని, కెప్టెనే చెప్పాడని ఎవరో అరుస్తున్న చప్పుడు. ఫోన్ కట్ అయింది.

మళ్ళీ చేస్తే కలవలేదు. పక్క బల్ల పెద్దాయన "ఏ ఓడ బాబూ? మునిగిందా?" అని అడిగాడు. యాదగిరి నా భుజం మీద చెయ్యి వేసి, "ఓడ ఏమో గని, నీ సంతకం మునిగింది మామా" అన్నాడు.

అరగంట తర్వాత మేడం ఫోన్ చేశారు. గొంతు వణుకుతోంది. ఏడుస్తున్నారనుకున్నాను. కాదు, నవ్వు ఆపుకుంటున్నారు. జరిగింది ఇదీ. సగం డైనింగ్ హాలు లైఫ్ జాకెట్లు తొడుక్కుంది. ముసలావిడ ఒకటి వేసుకుని, ఇంకొకటి మనవడి కోసమని పట్టుకుంది. అప్పుడు అసలు కెప్టెన్ దిగి వచ్చాడు. కుర్రవాడు. మా సార్ ఎదురుగా నిలబడి తన భుజం చూసుకున్నాడు. నాలుగు పట్టీలు. సార్ భుజం చూశాడు. ఆరు. పాపం, చెయ్యి దానంతటదే సెల్యూట్‌కి సగం దాకా లేచిందట.

"అప్పుడన్న ఊకున్నడా మీ సార్? మీరు ఏ బ్యాచ్ అని ఆ పిలగాన్ని అడిగిండు!" అన్నారు మేడం.

తర్వాత సార్‌ని ఒక గదిలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టారట. మీరెవరంటే ప్రొఫెసర్‌నన్నారట. ఈ బట్టలు ఎవరు వేసుకోమన్నారంటే 'నా రీసెర్చ్ స్కాలర్' అని నా పేరు, ఇంటిపేరుతో సహా చెప్పారట. చివరికి సంజాయిషీ రాసివ్వమన్నారు. వందలమంది విద్యార్థుల దగ్గర సంజాయిషీలు రాయించుకున్న మనిషి, ఆరు పట్టీల కోటులో కూర్చుని, ఇకముందు ఇలా జరగదని రాసి సంతకం పెట్టారు. మూడు జతలూ స్వాధీనం చేసుకున్నారు. బుష్ షర్టుతో హాల్లోకి రానివ్వరు. మిగిలిన రెండు సాయంత్రాలూ సార్ గదిలోనే, స్నానాల గదిలో తగిలించి ఉన్న తువ్వాలు కోటు వేసుకుని పప్పన్నం తిన్నారు. మేడం ఒక్కరే హాలుకి వెళ్ళి, ముగ్గురు స్నేహితురాళ్ళను సంపాదించుకుని, డ్యాన్సు కూడా చేశారు.

"పెండ్లయినంక ఇంత మంచి ట్రిప్ నాకెన్నడు కాలే" అన్నారు ఆఖరి రోజు ఫోన్ చేసి. "గని నువ్వు జర పైలం బిడ్డా. ఆయన పడుకున్నప్పుడు గూడ నీ పేరు కలవరిస్తున్నడు."

సార్ తిరిగొచ్చే రోజుకి గడువు ఇంకా రెండు రోజులు. ఆ వారాంతం నేను అన్నం తిన్నానో లేదో గుర్తులేదు. కాళ్ళ మీద ఎలా పడాలో గదిలో మంచం ముందు ప్రాక్టీసు చేశాను. యాదగిరి మంచం మీద కూర్చుని సార్ వేషం వేశాడు. "ఇంకొంచెం వంగు మామా" అని సలహా ఇచ్చాడు.

మంగళవారం పొద్దున డిపార్ట్‌మెంట్‌కి వెళ్ళాను. సార్ బుష్ షర్టులో కూర్చుని ఉన్నారు. బల్ల మీద నా థీసిస్, పక్కన మూత తీసిన పెన్ను. నేను వంగబోయాను.

"కూర్చో" అన్నారు.

ఐదేళ్ళలో ఆయన నన్ను కూర్చోమనడం అదే మొదటిసారి. తిట్టుంటే ఇంత భయం వేసేది కాదు. కుర్చీ అంచున కూర్చున్నాను.

"అరవై మందిని అడిగినవ్ గద. అండ్ల ఓడ ఎక్కినోళ్ళు ఎంతమంది?"

"ఒక్కరు గూడ లేరు సార్."

"ఓడ సంగతి ఇడిసిపెట్టు. సముద్రం చూసినోళ్ళు?"

"ఇద్దరు సార్. వైజాగ్ టూరుకు పోయిండ్రంట."

సార్ తల ఊపారు. నెమ్మదిగా నా థీసిస్ తెరిచారు. నాలుగో చాప్టర్ దగ్గర వేలు పెట్టారు. అప్పటిదాకా తట్టనిది అప్పుడు నాకూ తట్టింది.

"గీడ మూడు వందల మంది ఉద్యోగినుల అభిప్రాయాలు అని రాసినవ్. ఎవర్ని అడిగినవ్?"

"వాళ్ళ... ఇంటోళ్ళని సార్."

"ఇంటోళ్ళంటే?"

"మొగుళ్ళని సార్. అన్నలని, తమ్ములని. ఆడోళ్ళను ఆపి అడగాలంటే నాకు జర సిగ్గైంది సార్. వీళ్ళే మంచిగ చెప్పిండ్రు. మా యాదగిరి గూడ చెప్పిండు."

"యాదగిరికి పెండ్లి కాలేదు గద?"

"పెండ్లయితే భార్య ఏమంటదో ఊహించి చెప్పిండు సార్."

సార్ పెన్ను మూత పెట్టేశారు. అరుస్తారని చెవులు రిక్కించి కూర్చున్నాను. అరవలేదు.

"తప్పు నాది గూడ ఉన్నది" అన్నారు. "ఐదేండ్లు ఫీల్డుకు పో అన్న గని, ఎవరిని అడిగినవ్ అని ఒక్కసారన్న అడగలే. అందుకే నడిసముద్రంల నా పని అట్లయింది. గడువు సంగతి ఆఫీసుల నేను బతిమాలుకుంట. నువ్వు పోయి ఆడోళ్ళను అడుగు."

సిగ్గుతో చచ్చిపోయాను. నిజంగానే. ఓడ గురించి కాదు, మూడు వందల మంది ఆడవాళ్ళ పేరు పెట్టి ఒక్క ఆడమనిషి మాట కూడా లేని పుస్తకాన్ని బంగారు అక్షరాలతో బైండింగ్ చేయించుకున్నందుకు.

ఆ సాయంత్రమే మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర నిలబడ్డాను. చేతిలో కాగితాలు. ఆఫీసు బ్యాగు తగిలించుకుని, టిఫిన్ డబ్బా చేత్తో పట్టుకుని వస్తున్న ఒకావిడను ఆపి విషయం చెప్పాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"మెట్రోల ఏం ఇబ్బంది లేదు తమ్ముడూ" అంది. "ఇబ్బంది దిగినంక మొదలైతది. మా గల్లీల నడుసుకుంట పోవాలె. గా ప్రశ్న నీ కాగితంల ఉన్నదా?"

చూశాను. లేదు. నేనడిగిన మగవాళ్ళలో ఒక్కరికీ ఆ మాట తట్టలేదు. ఆవిడ అక్కడే మెట్ల మీద కూర్చుని నలభై నిమిషాలు చెప్పింది. లేచేటప్పుడు "ఇన్నేండ్లల్ల నన్ను ఎవ్వరు అడగలే, మా ఆయన గూడ" అని నవ్వేసి వెళ్ళిపోయింది.

సార్ ఆఫీసులో బతిమాలి గడువు ఇప్పించారు. థీసిస్ మళ్ళీ రాయడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది. సార్ సంతకం పెట్టారు, నేనడిగిన ఆడవాళ్ళ కాగితాలన్నీ లెక్కపెట్టి మరీ పెట్టారు.

కనుక ఓ పాఠకులారా, మీ అందరి సాక్షిగా, కుడిచెయ్యి ఎత్తి, నిటారుగా నిలబడి ప్రమాణం చేస్తున్నాను. ఓడ సంగతి ఓడ ఎక్కినవాళ్ళనే అడుగుతాను. ఆడవాళ్ళ సంగతి ఆడవాళ్ళనే అడుగుతాను. ఎవరికైనా బట్టలు చెప్పాల్సి వస్తే, ముందు ఆ అరపేజీ చదువుతాను. చివరికి ఇది చదివి మీకు నవ్వొచ్చిందా లేదా అన్నది కూడా మిమ్మల్నే అడుగుతాను. యాదగిరిని మాత్రం అడగను. వాడైతే చదవకుండానే చెప్పేస్తాడు.